అన్న కొట్టిన గాలి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది అమ్మే అనుకునేదాన్ని. ఇంకా వెలుతురు రాకముందే వాకిట్లో చీపురు చప్పుడు వినపడేది. ఆ చప్పుడుకు ఒకసారి కళ్ళు తెరిచి, మళ్ళీ దుప్పటి మీదికి లాక్కునేదాన్ని. అమ్మకంటే ముందు లేచే మనిషి ఇంకొకరు మా ఇంట్లో ఉన్నారని తెలిసి, లేచి ఏం చేస్తున్నారో నా కళ్ళతో చూసేసరికి మా అన్న పోయి చాలా నెలలయింది.

మాది నల్లమాడకు అవతల, గుట్టల్లోకి పోయే బండిబాట చివర ఊరు. వానొస్తే వేరుశనగ, రాకపోతే ఆకాశం చూస్తూ కూర్చోవడం. అప్పటికి మా ఊరికి బస్సు లేదు. కదిరికి పోవాలంటే బండి కట్టాలి, లేదంటే నడవాలి. అట్లాంటి చోట మా ఇంటికి సైకిలు వచ్చిందంటే అది మా అన్న పుణ్యం. అన్న కదిరిలో హైస్కూలు చదివేవాడు. ఒక వేసవి సెలవులన్నీ అక్కడే ఒక సైకిల్ షాపులో పని చేసి, జీతానికి బదులు సైకిలు అడిగాడు. షాపాయన సాయిబు. మా నాయనా ఆయనా ఒకరినొకరు బావా అనుకునేవాళ్ళు కాబట్టి మాకు మామ. మామ ఎక్కడెక్కడి పాత సామాన్లో ఏరి, తన చేత్తో ఒక సైకిలు కట్టి మా అన్నకు ఇచ్చాడు.

దాన్ని తెచ్చిన రోజు అన్న ఊరి మొదట్లోనే దిగి నడిపించుకుంటూ వచ్చాడు. పెద్దవాళ్ళు అరుగుల మీద కూర్చుని ఉంటే వాళ్ళ ముందర సైకిలెక్కి పోకూడదని అప్పట్లో ఒక మర్యాద. వెనకాల ఊళ్ళో పిల్లలంతా. అమ్మ ఉప్పు, మిరపకాయలు పట్టుకుని వాకిట్లోనే ఆపి దిష్టి తీసింది.

"దిష్టి నాకా మా, సైకిలుకా?" అన్నాడు అన్న.

"సైకిలుకే. నిన్నెవురు చూస్తార్రా, నల్లోడా" అంది అమ్మ.

ఆ తర్వాత శనివారం వస్తే చాలు, బాట వైపు చూడడమే మా పని. అన్న వచ్చేవాడు, ఆదివారం ఉండేవాడు, సోమవారం తెల్లవారకముందే వెళ్ళేవాడు. వెళ్ళేముందు రెండు చక్రాలకూ గాలి కొట్టుకునేవాడు. అమ్మ పక్కన నిలబడి, కొట్టడం అయిపోగానే బొటనవేలితో టైరు నొక్కి చూసేది. సైకిలు గురించి అమ్మకు ఏమీ తెలియదు. అయినా నొక్కాలి. "ఇంకొంచెం కొట్టప్పా, దోవలో యాడన్నా పోతే" అనేది. "ఇంక కొడితే పగులుతాది మా" అని అన్న నవ్వేవాడు. చివరికి అమ్మ "గట్టిగానే ఉండాది" అనేది. ఆ మాట అన్నాకే అన్న బయలుదేరేవాడు. అది మా ఇంట్లో ప్రయాణానికి ముహూర్తం లాంటిదైపోయింది.

ఏడాది చివరి పరీక్షలప్పుడు, వారం మధ్యలో ఒక సాయంత్రం అన్న వచ్చాడు. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. మర్నాడు పరీక్ష ఉందట. ఒంట్లో బాగాలేక, అమ్మ చేతి గంజి తాగి పడుకుని పొద్దున్నే పోదామని వచ్చాడు. సైకిలును పంచలో గోడకు ఆనించాడు. ఒళ్ళు కాలిపోతున్నా, పొద్దున ఆలస్యమవుతుందని పంపు తెచ్చి రెండు చక్రాలకూ అప్పుడే గాలి కొట్టిపెట్టాడు. మధ్యలో ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ కొట్టడం నాకు గుర్తుంది. అమ్మ వచ్చి నొక్కింది. గట్టిగానే ఉందంది. అన్న లోపలికి వెళ్ళి పడుకున్నాడు.

పొద్దున లేవలేదు. నాయన బండి కట్టి కదిరి ఆసుపత్రికి తీసుకుపోయాడు. వారం తిరక్కుండానే ఆ బండి మీదే ఇంటికి తెచ్చాడు. మా ఎద్దులు రెండూ వాకిట్లోకి వచ్చి ఆగిపోయాయి. ఎవరూ వాటిని విప్పలేదు. చాలాసేపు కాడి మెడమీదే పెట్టుకుని నిలబడ్డాయి. అంతకంటే ఇప్పుడు నేను చెప్పలేను.

పంచలో సైకిలు అట్లే ఉండిపోయింది.

దినాలు గడిచాక అమ్మ మళ్ళీ చీపురు పట్టుకుంది. వాకిలి ఊడ్చింది. ఊడ్చి, పంచలోకి వచ్చి, వంగి, ముందు చక్రం బొటనవేలితో నొక్కింది. "గట్టిగానే ఉండాది" అంది. ఎవరితో అన్నదో తెలియదు, పైకే అంది. కొట్టంలో ఎద్దులకు మేత వేస్తున్న నాయన ఒకసారి దగ్గాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అన్న పరీక్షకు పోవడానికి కొట్టుకున్న గాలి, ఎక్కకుండానే మిగిలిపోయిన గాలి, ఆ చక్రాల్లోనే ఉందని మా ఇంట్లో అందరికీ ఒక నమ్మకం కుదిరిపోయింది.

ఆ మాట ఊళ్ళోకి పాకింది. ముందు పక్కింటి పెద్దమ్మ వచ్చింది. ఆమె కొడుక్కీ ఒక సైకిలు ఉండేది. నొక్కి చూసి నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "మావోడు వారం తిరిగేతలికి పంపు పట్టుకోని కూచుంటాడు. మీవోడు ఏం నింపిపోయినాడు మే, గాలా, గచ్చా?" అంది. ఆ దుఃఖంలోనూ అమ్మకు నవ్వు వచ్చింది. నవ్వి, కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత ఒకరూ ఇద్దరూ రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళు చక్రం తాకి కళ్ళకద్దుకునేవాళ్ళు. జ్వరమొచ్చిన బిడ్డను ఎత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని చక్రానికి తాకించిన తల్లినీ చూశాను. దసరాలో ఆయుధపూజనాడు మడకకూ కొడవలికీ బొట్లు పెట్టినట్టే అమ్మ సైకిలుకూ పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. సైకిలు కదిలితే కదా నిమ్మకాయ నలిగేది. అవి అట్లే ఎండిపోయాయి. ఆ పూజ జరుగుతున్నంతసేపూ నాయన దూరంగా, కొట్టం గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

చలికాలంలో ఒక వేకువజామున కడుపులో నొప్పి వచ్చి లేచాను. అమ్మ నిద్రలో ఉంది. బయటికి వద్దామని తలుపు దగ్గరికి వస్తే పంచలో ఎవరో వంగి ఉన్నారు. భయపడ్డాను. కళ్ళు అలవాటుపడ్డాక చూస్తే నాయన. అన్న పంపు ఆయన చేతిలో ఉంది. చప్పుడు రాకుండా దానికి తువ్వాలు చుట్టాడు. మెల్లగా, ఒక్కొక్క పోటే, గాలి కొడుతున్నాడు. కొడుతున్నవాడు ఉన్నట్టుండి తలెత్తి నన్ను చూశాడు. దొంగతనం చేస్తూ దొరికిపోయిన చిన్నపిల్లోడి ముఖం అది. మా నాయన ముఖంలో అట్లాంటి బెదురు నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

దగ్గరికి పిలిచి, తల మీద చెయ్యి వేశాడు. "మీ అమ్మకు చెప్పాకు పాపా" అన్నాడు. అంతే. పంపు తీసుకుపోయి గడ్డివామిలో చెయ్యి దూర్చి దాచిపెట్టాడు. కాసేపటికి అమ్మ లేచింది. చీపురు చప్పుడు. తర్వాత పంచలోకి వచ్చి నొక్కింది. "గట్టిగానే ఉండాది" అంది. కొట్టంలో నాయన దగ్గాడు. దుప్పటి కింద నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

ఆ ఏడు వాన లేదు. వేసిన విత్తనాలు వేసినట్టే మాడాయి. ఎండలు ముదిరేసరికి ఊరబావి అడుగున బురద తేలింది. మంచి నీళ్ళు కావాలంటే గుట్ట దాటి ఒక తోటబావికి పోవాలి. అమ్మ నెత్తిన ఒక కడవ, చంకన ఒక కడవ, నేను వెనకాల చిన్న బిందెతో. మనుషులకు ఎట్లాగో సరిపోయేవి. ఎద్దులకు చాలేవి కావు. చాలక మళ్ళీ పోయేవాళ్ళం. చుట్టకుదురు పెట్టి పెట్టి అమ్మ నడినెత్తిన వెంట్రుకలు పలచబడ్డాయి. సాయంత్రమయ్యేసరికి మెడ తిప్పలేకపోయేది. ఊళ్ళో కొన్ని ఇళ్ళకు అప్పటికే తాళాలు పడ్డాయి. పశువులను వచ్చిన ధరకు అమ్మేసి, మూటలు కట్టుకుని బెంగళూరు వైపు కూలికి పోయారు. మాకూ రెండే దారులు. నీళ్ళు మోసే ఉపాయమన్నా చూసుకోవాలి, ఎద్దులను అమ్మి ఊరన్నా వదలాలి.

ఉపాయం పంచలోనే గోడకు ఆనుకుని ఉంది. పక్క ఊళ్ళలో అప్పటికే సైకిళ్ళకు అటొక కడవ ఇటొక కడవ కట్టి నీళ్ళు తెచ్చుకునేవాళ్ళు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అమ్మ కడవ దించుకుని సైకిలు పక్కనుంచే లోపలికి పోయేది. నాయన అమ్మ మెడ వైపు చూసి, సైకిలు వైపు చూసి, బయటికి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు నాయన కదిరి సంతకు పోతూ నన్నూ వెంట రమ్మన్నాడు. సంత చూసుకున్నాక నేరుగా మామ షాపుకు పోయాం. నన్ను చూడగానే మామ లేచి వచ్చి రెండు చేతుల్తో నా బుగ్గలు పట్టుకున్నాడు. చేతులనిండా గ్రీజు. నా బుగ్గలకూ అంటింది. అన్న వాసన అది. శనివారం సాయంత్రాలు అన్న నన్ను ఎత్తుకున్నప్పుడు వచ్చే వాసన.

"కొత్త సైకిలు ఒకటి చూపించు బావా, నీళ్ళు మోసేదానికి" అన్నాడు నాయన.

"కొత్తదెందుకు నీకు?" అన్నాడు మామ. "నేను కట్టిచ్చిన దాని ఇనుము ఇప్పటి వాట్లో యాడుండాది? దాన్ని తెచ్చి ఈడ పడేయి. ముందర జోడు కడ్డీలు ఏస్తా, చక్రాలకు లావు పోకలు ఏస్తా, యెనక బరువు క్యారియరు ఏస్తా. కడవలేం లెక్క, నిన్నూ మా చెల్లెల్నీ కలిపి మోస్తాది."

నాయన తలవంచుకుని నేల వైపు చూస్తూ అడిగాడు. "అన్నీ ఏయి బావా. టైర్లు ట్యూబులు మాత్రం ముట్టుకోగూడదు. గాలి తీయగూడదు. అట్ల అయితాదా?"

మామ పగలబడి నవ్వాడు. "గాలి తీయకుండా చక్రం ఇప్పే మొగోడు ఇంకా పుట్టలేదప్పా" అన్నాడు. షాపులో ఉన్న ఇంకో ఇద్దరూ నవ్వారు. నాయన నవ్వలేదు. ఆ గాలి ఎవరు కొట్టిందో, ఎప్పుడు కొట్టిందో, నెమ్మదిగా చెప్పాడు. తన పంపు సంగతి మాత్రం చెప్పలేదు. నేను నాయన తువ్వాలు అంచు పట్టుకుని నిలబడ్డాను.

మామ నవ్వు ఎట్లా ఆగిపోయిందో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. చేతిలో స్పానరు కింద పెట్టాడు. పక్క అంగడి నుంచి చాయ తెప్పించాడు. తాగమన్నాడు. "గాలి ఎప్పుడో పోయుంటాది బావా, నీకు తెలీదా" అని మామ అనలేదు. సైకిళ్ళతోనే బతికే మనిషికి ఆ సంగతి తెలియకుండా ఉంటుందా? "రబ్బరు బావా అది. ఊరికే ఎండకు నిలబడితే పగులుతాది. నువ్వు తీయకపోయినా ఒక దినం అదే తీసుకుంటాది" అన్నాడు.

"అదే పోతే పోనీ బావా. నా చేత్తో మాత్రం వద్దు" అన్నాడు నాయన.

"మరి కొత్తదానికి దుడ్లు?"

"ఎద్దు ఒకటి అమ్ముతా."

"ఎద్దును అమ్మి సైకిలు కొని, ఆ సైకిలు మింద ఎవురికి తెస్తావు నీళ్ళు?" అన్నాడు మామ. కోపంగానే అన్నాడు. నాయన గ్లాసు కింద పెట్టి లేచాడు.

ఇంటికి వచ్చి అమ్మతో వేరే మాట చెప్పాడు. పాత సైకిలు ఇనుము తుప్పు పట్టిందనీ, బరువుకు ఆగదని మామే చెప్పాడనీ, అందుకే ఎద్దును అమ్మి కొత్తది కొంటున్నాననీ అన్నాడు. చెబుతున్నంతసేపూ భుజం మీది తువ్వాలు తీసి దులుపుతూనే ఉన్నాడు. ఒంటెద్దుతో రేపు సేద్యం ఎట్లా అని అమ్మ అడుగుతుందనుకున్నాను. అడగలేదు. సంగటి ముద్ద కెలికి పెట్టింది, అందరం తిన్నాం.

మర్నాడు తోటబావి నుంచి వస్తూ గుట్ట మీద ఎప్పుడూ దించుకునే చోట కడవలు దించాం. అక్కడొక బండ నీడ ఉండేది. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "మామ ఏమన్నాడు పాపా?" అంది.

"నాయన చెప్పినాడు కదా" అన్నాను.

"మీ నాయన అబద్ధమాడితే తువ్వాలు దులుపుతాడు. నిన్న దులిపి దులిపి ఇల్లంతా దుమ్ము లేపినాడు" అంది. నా వైపు చూడకుండా, "ట్యూబులు తీయల్లన్నాడా?" అని అడిగింది.

తల ఊపాను. నాయన చెప్పొద్దన్న మాట గుర్తొచ్చి భయం వేసింది. ఇక పంపు సంగతి కూడా అడుగుతుందేమో అనుకున్నాను. అమ్మ అడగలేదు. తనే చెప్పింది.

"మీ అన్న పోయి నెల తిరక్కముందే అది మెత్తబడింది మే. పొద్దున్నే నొక్కితే వేలు లోపలికి దిగింది. ఆ పొద్దు నా పానం పోయి వచ్చింది. ఏమీ అనకుండా లోపలికి పోయినా. మరుసటి దినం చూస్తే గట్టిగా ఉండాది. యాడ నుంచి వచ్చింది? మీ నాయన తలకాయలో గడ్డిపోచ, తువ్వాలకు నూనె మరక. నాకు తెలీదా?"

ఇన్ని నెలలు పొద్దున్నే వంగి నొక్కింది అమ్మే కదా. పెద్దమ్మ వచ్చి ఆశ్చర్యపోతే పక్కనే నిలబడింది అమ్మే కదా. "మరి నాయనతో అనలేదెందుకు మా?" అని అడిగాను.

"ఏమనల్ల? కొడుకును మట్టిలో పెట్టి వచ్చిన దినం నుంచి ఆయప్ప కంట్లో చుక్క రాలేదు. నేను ఏడ్చినా, నువ్వు ఏడ్చినావు, ఊరంతా ఏడ్చింది. ఆ మనిషికి ఏడ్చేదానికి చోటు యాడుండాది? పొద్దున్నే లేచి ఆ పంపు కొడతాడే, అదే ఆయప్ప ఏడుపు. నేను నొక్కి చూసి గట్టిగా ఉండాదంటే కదా, మళ్ళా లేచేది."

అప్పటివరకూ అమ్మ ఆ మాట చక్రంతో చెబుతోందనుకున్నాను. లేదంటే పోయిన అన్నతో. కొట్టంలో ఉన్న నాయనకు చెబుతోందని ఆ బండ నీడలో తెలిసింది. నాయన దగ్గు ఆ మాటకు జవాబు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆ గాలిని కాపాడుతూ, ఆ కాపాడడం కోసమే అమ్మ మెడ విరిగేలా నీళ్ళు మోస్తూ, నాయన ఎద్దును తెగనమ్మడానికి సిద్ధపడుతూ ఉన్నారు. అదంతా ఇంత విడమరిచి అప్పుడు నాకు తెలిసిందని అనను. అమ్మ చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకున్నాను. అంతే.

ఇల్లు చేరేసరికి వాకిట్లో ఎద్దుల దళారి ఉన్నాడు. ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూస్తున్నాడు. నాయన పలుపు పట్టుకుని పక్కకు చూస్తున్నాడు. అమ్మ ఎవరినీ పలకరించలేదు. కడవలు దించింది. దళారిని దాటి, నాయనను దాటి, పంచలోకి పోయి సైకిలు ముందర గొంతుక్కూర్చుంది. ముందు చక్రం నొక్కింది. "గట్టిగానే ఉండాది" అంది. ఆ వేళప్పుడు ఆ మాట ఎప్పుడూ వినలేదు మేము. నాయన ఉలిక్కిపడి చూశాడు.

అమ్మ గాలిగొట్టం మీది మూత తిప్పడం మొదలుపెట్టింది. అన్న చేస్తుంటే చూసి చూసి నేర్చుకుందేమో. బిగుసుకుపోయిన మూత చివరికి కదిలింది. గాలి ఒక్కసారిగా బుస్సుమంది. అంత చప్పుడు వస్తుందని నేననుకోలేదు. ఎద్దులు చెవులు నిక్కించాయి. అమ్మ ముఖం దగ్గరగా పెట్టుకుంది. నుదుటి మీది వెంట్రుకలు ఎగిరాయి. ఎండలో నడిచి వచ్చిన ముఖానికి చల్లగా తగిలిందేమో, కళ్ళు మూసుకుంది. చక్రం మెల్లగా నేలకు దిగింది. కింద ఎండిన నిమ్మకాయ ఇంకా ఉంది. అది నలిగింది.

"ఏం పని చేస్తివే" అన్నాడు నాయన. "అది వాడు కొట్టిన గాలి కదే."

"వాని గాలి యెప్పుడో పోయింది" అంది అమ్మ. "ఇది నీ గాలి. ఇంకా ఎన్నినాళ్ళు కొడతావు?"

నాయన చేతిలోంచి పలుపు జారిపోయింది. నా వైపు చూశాడు. నేను కాదని తల అడ్డంగా ఊపాను. మళ్ళీ అమ్మ వైపు చూశాడు. అమ్మకు అంతా తెలుసని, మొదటినుంచీ తెలుసని, ఆ చూపులోనే అర్థమైనట్టుంది. వచ్చి అమ్మ పక్కన కూలబడ్డాడు.

"యెనక చక్రం నువ్వు తీయప్పా" అంది అమ్మ. చాలా మెత్తగా అంది. అన్నను పాఠాలు చదవమని బుజ్జగించేటప్పటి గొంతు అది.

నాయన తిప్పితే మూత తిరగలేదు. అమ్మ చెయ్యి వేసింది, ఇద్దరూ కలిసి తిప్పారు. గాలి వస్తుంటే నాయన అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఆపాలనో, తడమాలనో నాకు తెలియదు. వేళ్ళ సందుల్లోంచి అంతా పోయింది. అది పూర్తిగా పోయాక నాయన ఏడుపు వినపడింది. పెద్దవాళ్ళు, అందులో మగవాళ్ళు, అట్లా ఏడవగలరని నాకు తెలియదు. చక్రం పోకల్లో వేళ్ళు దూర్చి పట్టుకుని, "నాయనా, నాయనా" అని కొడుకును పిలుస్తూ ఏడ్చాడు. దళారి కింద పడిన పలుపు తీసి గుంజకు కట్టాడు. "నేను మళ్ళా వస్తాలే అన్నా" అని గొణిగి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

సైకిలును బండి మీద వేసుకుని కదిరికి పోయాం. అవే ఎద్దులు, అదే బాట. అమ్మా వచ్చింది. దారంతా సైకిలును అన్నను పట్టుకున్నట్టే ఒడిలోకి ఆనించుకుని కూర్చుంది. మామ చెప్పినట్టే అన్నీ వేశాడు, జోడు కడ్డీలు, లావు పోకలు, బరువు క్యారియరు, కొత్త టైర్లు. అన్న వేసుకున్న బెల్లు మాత్రం పాతదే ఉంచాడు. పాత ట్యూబులు పారేయడానికి మామకు చేతులు రాలేదు. కత్తెరతో పొడుగ్గా చీల్చి పట్టీలు చేశాడు. "కడవలు కట్టుకో బావా. వాడు పట్టుకున్నట్టు పట్టుకుంటాయి" అన్నాడు.

నిజంగానే పట్టుకున్నాయి. నాయన గుట్ట చుట్టూ పోయే బాటన సైకిలు మీద నీళ్ళు తేవడం మొదలుపెట్టాక అమ్మ నెత్తి మీది కడవ దిగింది. ఎద్దులు నిలిచాయి. మేం ఊరు వదలలేదు. వాన చివరికి వచ్చింది. నాయన రెండెద్దులతోనే మడక కట్టాడు.

అంతా బాగుపడిందని మీరు అనుకుంటారేమో. మా అన్న పోయింది నాకు ఆ తర్వాతే. అంతకుముందు పొద్దున్నే ఒక మాట, ఒక దగ్గు ఉండేవి. ఇప్పుడు చీపురు చప్పుడు ఆగిపోతే ఆ తర్వాత ఏమీ వినపడేది కాదు. ఒకసారి చూశాను, అమ్మ ఊడ్చడం ముగించి అలవాటు కొద్దీ పంచలోకి వచ్చింది. వంగింది. బొటనవేలు ముందుకు చాచింది. కొత్త టైరు, మెరుస్తూ ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని, ఊరికే నిలబడి, లోపలికి వెళ్ళింది. కొట్టంలో నాయన ఉన్నాడు. దగ్గలేదు.

వాళ్ళిద్దరూ పోయి చాలా కాలమైంది. ఆ సైకిలు కూడా ఏ ఇనుప సామాన్లవాడి తక్కెడలోకి పోయిందో. నా దగ్గర ఒక ట్యూబు పట్టీ మిగిలింది. ముట్టుకుంటే నల్లగా పొడి రాలుతుంది, దేన్నీ కట్టడానికి పనికిరాదు. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. మనుషుల దుఃఖం గురించి నాకు తెలిసిందంతా ఆ పంచలో తెలిసిందే. ఇంట్లో ఎవరైనా ఏదో దాస్తున్నారని, అబద్ధమాడుతున్నారని తెలిస్తే వెంటనే నిలదీయను. ఆ అబద్ధం వెనక గడ్డివామిలో ఒక పంపు ఉందేమోనని చూస్తాను. ఉంటే, అమ్మ లాగా కొన్నాళ్ళు ఏమీ ఎరగనట్టే ఉంటాను. కానీ ఆ పంపు కొట్టే చేతులు అలసిపోయే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు పక్కన కూర్చుని మూత తిప్పడానికి చెయ్యి వేయాలి. ఎరగనట్టు ఉండడం మొదటి పని అయితే ఇది రెండోది, ఇంకా కష్టమైనది.

ఇప్పటికీ గోడకు ఆనించిన సైకిలు ఎక్కడ కనపడినా నా బొటనవేలు దానంతట అదే చక్రం మీదికి పోతుంది. మా మనవళ్ళు నవ్వుతారు. మెత్తగా ఉంటే గాలి కొట్టించుకోండిరా అంటాను. గట్టిగా ఉంటే ఏమీ అనను. ఏ చెయ్యి కొట్టిందో ఈ గాలి, ఎవరి కోసమో అనుకుంటాను.